వానకి కులమేంటన్నా అని అడిగిన తమ్ముళ్ళకి



పోయిన వారం బండి లైసెన్సు గురించి రాసింది చదివి చాలామంది ఇన్‌బాక్సులోకి వచ్చారు. తిట్టినవాళ్ళ సంగతి వదిలేయండి, వాళ్ళకది రోజూ ఉండే పనే. ఒక ప్రశ్న మాత్రం మనవాళ్ళ దగ్గర్నుంచే వచ్చింది. "అన్నా, వానలో టెస్టు పెడితే అందులో కూడా కులమేనా? వాన అందరి మీదా పడుద్ది కదా. వానకి కులమేంటన్నా?" అడిగిన ముగ్గురూ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న పిల్లలే. అందుకని ఎకసెక్కం చేయకుండా మొత్తం విప్పి చెబుతాను. కాస్త పొడుగ్గా ఉంటుంది. యూనివర్సిటీ గేటు దగ్గర బస్సెక్కితే గుంటూరు బస్టాండులో దిగేలోపు అయిపోతుంది.

వాన అందరి మీదా పడుతుంది, ఒప్పుకున్నా. మరి వాన పడే రోజున టెస్టు గ్రౌండులో ఎవరుంటారో ఎప్పుడైనా చూశారా?

మన పెదకాకాని చుట్టుపక్కల పల్లెల్లో కూలికి పోయే ఇంటి సంవత్సరం ఎట్లా గడుస్తుందో గుర్తు చేసుకోండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మిరప నాట్లు, ఆ వెంటనే కలుపులు. అక్టోబరు నుంచి పత్తితీత. సంక్రాంతి దాటితే మిరపకోతలు, ఏప్రిల్ దాకా తీరికుండదు. కోతల్లో ముఠా నుంచి ఒక మనిషి రెండు రోజులు తగ్గితే మూడో రోజు మేస్త్రి ఇంకొకళ్ళని చూసుకుంటాడు. సెలవులకొచ్చిన డిగ్రీ పిల్లాడు కూడా అమ్మతో పాటు ఆటో ఎక్కాల్సిందే, సెమిస్టరు ఫీజు అక్కడే పుట్టాలి కాబట్టి. మరి పని లేని రోజేది? చేలో కాలు పెడితే మోకాలి దాకా దిగబడే రోజు. అంటే వాన రోజు. కూలోడికి తీరిక దొరికేది ముసురులోనే. అందుకే వాడు స్లాటు బుక్ చేసుకునేది కూడా ఆ నెలల్లోనే. ఫిబ్రవరి పొద్దుటి పూట, పొడి నేల మీద, ఇస్త్రీ చొక్కా వేసుకుని టెస్టుకి వచ్చే కుర్రాడికి ఆ రోజు కూలి పోదు. ఇద్దరికీ అదే ఎనిమిది, అదే ఫీజు. ఒకడు ఎండలో తిప్పుతాడు, ఇంకొకడు బురదలో తిప్పుతాడు. ఎవరికి ఏ నెలలో తీరిక ఉండాలో నిర్ణయించేది భూమి. భూమి ఎవరి చేతుల్లో ఉందో గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్ళకి నేను చెప్పాలా?

ఇక నేర్చుకునే చోటు సంగతి. ఊళ్ళో సిమెంటు రోడ్డు అయిపోయిన చోట పల్లె మొదలవుతుంది, చాలా ఊళ్ళలో ఇప్పటికీ అంతే. మన పిల్లలు బండి నేర్చుకునేది డొంకల్లో. అది నల్లరేగడి. ఒక్క జల్లు పడితే ఆ మట్టి టైరుకి అంటుకుని, మడ్‌గార్డు లోపల గట్టిపడి, చక్రాన్ని తిరగనివ్వదు. పుల్ల తీసుకుని గీకాలి, రెండు గజాలు తోయాలి, మళ్ళీ గీకాలి. కాబట్టి వాన రోజున నేర్చుకోవడం కుదరదు. నేర్చుకోవడానికి పనికిరాని వాతావరణం పరీక్ష పెట్టడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది.

మూడోది బండి. లైసెన్సు కావాలంటే టెస్టుకి బండి నువ్వే తెచ్చుకోవాలి. దానికి ఆర్‌సీ ఉండాలి, ఇన్సూరెన్సు ఉండాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. గేరు బండి లైసెన్సు కావాలంటే గేరు బండే తేవాలి. పల్లెలో బండ్లు లేవనడం లేదు, ఇప్పుడు చాలా ఇళ్ళ ముందు ఉన్నాయి, ఫైనాన్సులోనో పాతవి కొనుక్కునో. కానీ ఆ బండి మీద ఇంటి యజమాని పొద్దున్నే తాపీ పనికో, యార్డులో బస్తాలు మొయ్యడానికో పోవాలి. అది ఒక రోజు పిల్లాడికిచ్చాడంటే ఆ రోజు ఆయన పని పోయినట్టే. టెస్టు ఒకసారి తప్పితే రెండు కూలీలు పోతాయి, పిల్లాడిదీ బండి ఇచ్చినాయనదీ.

పోయిన వానాకాలం నేను కళ్ళారా చూసింది రాస్తాను. ఆఫీసు పేరు రాయను, ఆ ఒక్క ఆఫీసుని తిడితే మిగతావి మంచివన్న అర్థం వస్తుంది. మా పల్లె కుర్రాడు, డిగ్రీ చివరి సంవత్సరం, వాళ్ళ బాబాయి బండి అడిగి తెచ్చుకున్నాడు. తోడుగా నేను వెళ్ళాను. ముందు రోజు రాత్రి నుంచి ముసురు. ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఆరు నెలలు, వాడిది ఇంకో పది రోజుల్లో అయిపోతుంది, కాబట్టి వాయిదా వేసుకునే వీల్లేదు. గ్రౌండు అంటే గ్రౌండే. కంకర, మట్టి, మధ్యలో ఎనిమిది ఆకారంలో పోసిన సిమెంటు దారి. దాని అంచున తెల్ల రంగు గీత ఉండాలి, నీళ్ళ కింద ఉందో లేదో దేవుడికి తెలియాలి. ఆఫీసరుగారు రేకుల షెడ్డు కింద కుర్చీలో. అభ్యర్థులు చెట్టు కింద. అభ్యర్థుల ఫైళ్ళు కవర్లో పెట్టుకుని తిరిగే పెద్దమనుషులు కొందరుంటారు, వాళ్ళని ఏమనాలో మీకు తెలుసు, వాళ్ళూ షెడ్డు కిందే.

వాన కాస్త తెరిపిచ్చినప్పుడల్లా షెడ్డు కింద ఉన్న ఫైళ్ళలో పేర్లు పిలిచారు. మళ్ళీ జల్లు అందుకున్నప్పుడు చెట్టు కింద వాళ్ళ పేర్లు. ఇది రూలని ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసీ లేదు. కానీ రెండు గంటలు అక్కడ నిలబడితే చూపున్న ఎవరికైనా తెలుస్తుంది. మావాడి పేరు వచ్చేటప్పటికి హెల్మెట్ అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి. మొదటి సున్నా బాగానే తిప్పాడు. రెండో సున్నాలో వెనక చక్రం కొంచెం జారింది, కాలు కింద పెట్టాడు. పడకుండా పెట్టిన కాలది. బండి మీద కూర్చున్నవాడెవడైనా పెడతాడు, పెట్టాలి. "కాలు పెట్టావ్, ఫెయిల్. వారం తర్వాత రా." అంతే.

ఆ మాటకి చట్టం ఆధారం ఉంది, అది కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 9 ప్రకారం టెస్టులో తప్పినవాడు ఏడు రోజుల తర్వాత మళ్ళీ రావచ్చు. మూడుసార్లు తప్పితే ఆఖరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. టెస్టు ఫీజు ఒక్కో రకం బండికి 300 రూపాయలు, తప్పిన ప్రతిసారీ మళ్ళీ కట్టుకోవాలి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. అంటే రెండో సున్నాలో జారిన ఆ వెనక చక్రం ఖరీదు ఒక మనిషి ఎండలో రోజంతా మట్టి తవ్విన కూలి. పోయిన రెండు కూలీలు దీనికి అదనం, బస్సు ఛార్జీలు, పెట్రోలు దీనికి అదనం. ఇంతా చేస్తే వాడికి బండి నడపడం రాదా? ఆ గ్రౌండు నుంచి ఇంటిదాకా, అదే వానలో, హైవే పక్క సర్వీసు రోడ్డు మీద, నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది వాడే. బురద మరక పడకుండా దింపాడు. (ఎల్‌ఎల్‌ఆర్ వాడు వెనక మనిషిని ఎక్కించుకోవచ్చా అని కామెంటు పెట్టబోయే లాయర్లకి: నాకు లైసెన్సుంది, నేర్పేవాడిగా కూర్చున్నా.)

ఇక్కడ ఒక మంచి వాదన ఉంది, దాన్ని దాటేసి పోను. "రోడ్డు మీద వాన రాదా? వానలో నడపలేనివాడికి లైసెన్సు ఎందుకివ్వాలి?" నిజాయితీగా అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకి నా జవాబు ఇది. సరే, వానలో నడపడం రావాలి. అయితే అందరికీ రావాలి. ఫిబ్రవరిలో పాసైనవాడికి కూడా నీళ్ళు చల్లిన ట్రాక్ మీద పెట్టండి. పెట్టరు. అప్పుడది వాన పరీక్ష కాదు, ఆ రోజు వచ్చినవాడి ఖర్మ. పైగా మీరు కొలిచేది వానలో నడిపే తెలివిని కూడా కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో రూల్ 15 చదవండి. టెస్టులో అభ్యర్థి ఏమేం చేసి చూపించాలో పెద్ద పట్టీ ఉంది. రోడ్డు, ట్రాఫిక్ పరిస్థితికి తగ్గట్టు వేగం సర్దుకోవడం అందులో ఒకటి. ఎదురుగా వచ్చేవాడు ఏం చేస్తాడో ముందే పసిగట్టడం, అద్దం చూసుకోవడం, అత్యవసరంగా ఆపడం, క్లచ్చి, గేరు, బ్రేకు సరిగా వాడడం, అన్నీ ఉన్నాయి. దీన్నంతా రెండు సున్నాల దగ్గరికి కుదించింది ఎవరు? ఆ రూలు ప్రకారం చూస్తే, నేల జారుతుందని తెలిసి నెమ్మదిగా పోయి, జారినప్పుడు కాలు పెట్టి బండిని నిలబెట్టుకున్నవాడు పరిస్థితికి తగ్గట్టు నడిపినవాడు. సెక్షన్ 9లో గానీ రూల్ 15లో గానీ వాన అనే మాట లేదు. వానలో టెస్టు పెట్టాలనీ లేదు, పెట్టకూడదనీ లేదు. చట్టం నోరు మూసుకున్న చోటల్లా కుర్చీలో కూర్చున్నవాడిదే మాట. కుర్చీ మాట ఎప్పుడూ ఎటు వంగుతుందో మనకి కొత్త కాదు.

బ్రిటన్‌లో వాతావరణం బాగాలేక టెస్టు రద్దయితే కొత్త తేదీ వాళ్ళే ఇస్తారు, మళ్ళీ ఫీజు అడగరు. వాన, మంచు, ఈదురుగాలి ఏడాది పొడుగునా ఉండే దేశమది. వాళ్ళ దగ్గర్నుంచి రైళ్ళు తెచ్చుకున్నాం, కోర్టులు తెచ్చుకున్నాం, బుల్లెట్టు కంపెనీ పేరు కూడా తెచ్చుకున్నాం. ఈ చిన్న మర్యాద మాత్రం ఓడ ఎక్కలేదు.

వాతావరణం అంటే మన మండలంలో కబుర్లకి పనికొచ్చే మాట కూడా కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఎట్లా ఉందో గుర్తుందిగా. 2024 ఆగస్టు 31న మన పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర వాగు పొంగి కారు కొట్టుకుపోయింది. బడి నుంచి ఇంటికి వస్తున్న ఒక మాస్టారు, ఇద్దరు పిల్లలు చనిపోయారు. అదే రోజు కాజ టోల్‌గేటు దగ్గర జాతీయ రహదారే చెరువైంది. అట్లాంటి ముసురు రోజుల్లో కూడా పల్లెటూళ్ళ నుంచి పిల్లలు తెచ్చుకున్న బండి మీద టెస్టుకి బయల్దేరతారు, స్లాటు పోతుందని, 300 పోతుందని. టెస్టులో తప్పడం చిన్న సంగతి. టెస్టుకి వచ్చే దారిలో ఏదన్నా అయితే? టెస్టు రోజున వాగులు పొంగుతుంటే ఇంట్లో ఉండండి, మీ డబ్బు ఎటూ పోదు అని ఒక్క మెసేజ్ ఫోనుకి పంపడానికి ఎంత ఖర్చవుతుంది? చలానా మెసేజులు మాత్రం అర్ధరాత్రి కూడా వస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లైసెన్సు లేకపోతే ఏమైంది, ఊళ్ళో సగం మంది లేకుండానే నడుపుతున్నారుగా అని మనవాళ్ళే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే దాని ఖరీదు కట్టేది మన ఆడవాళ్ళు. బండి ఓనరు తనే నడుపుతూ చనిపోతే, పాలసీలో కట్టుకున్న ప్రమాద బీమా కింద ఇంటికి 15 లక్షలు రావాలి. దానికి షరతు ఒకటే, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. లేకపోతే సున్నా. అప్పు తెచ్చుకున్న బండి మీద లైసెన్సు లేని పిల్లాడు ఎవరినైనా గుద్దితే? 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం దెబ్బతిన్న కుటుంబానికి బీమా కంపెనీ డబ్బు కట్టాలని కోర్టు ఆదేశించవచ్చు, ఆ తర్వాత ఆ డబ్బు బండి ఓనరు దగ్గర కంపెనీ వసూలు చేసుకోవచ్చు. ఓనరెవరు? పాపమని బండి ఇచ్చిన బాబాయి. ఆయన ఇంటి పట్టా మీదికి వస్తుంది నోటీసు. లైసెన్సు లేకుండా నడిపితే జరిమానా 2019 సవరణకి ముందు 500 ఉండేది, ఇప్పుడు 5000. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన ఓనరుకి విడిగా ఇంకో 5000. ఒక మంచి మాట కూడా ఉంది, అడ్వకేటు కాకపోయినా గుర్తుపెట్టుకోండి: లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో ప్రమాదంలో తప్పు వాడిదేనని అనడం కుదరదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదుటి బండివాడి తప్పుంటే క్లెయిము వేయొచ్చు. వేయనివ్వకుండా స్టేషన్ దగ్గరే రాజీ చేసే పెద్దలు మన దగ్గర ఎక్కువ కాబట్టి చెబుతున్నా.

ఉద్యోగం సంగతి సరేసరి. డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న పిల్లాడికి గుంటూరులో, విజయవాడలో రేపు పొద్దున్నే దొరికే పని డెలివరీ ఒక్కటే. అక్కడ మొదట అడిగేది లైసెన్సు. అది గొప్ప పనని అనడం లేదు, దాని మీద విడిగా రాస్తా. ఆటోకో టాటా ఏస్‌కో లోను పెట్టుకోవాలన్నా అదే. 2019 దాకా లారీ, ఆటో, ట్యాక్సీ లాంటి రవాణా బండి లైసెన్సుకి 8వ తరగతి పాసై ఉండాలనే నిబంధన కూడా ఉండేది. బడి మాన్పించి పశువుల దగ్గరికి పంపింది వాళ్ళే, చదువు లేదని స్టీరింగు పట్టనివ్వందీ వాళ్ళే. ఆ నిబంధన పోయింది. పోవాలని మన సంఘాలు ధర్నా చేసినట్టు మాత్రం నాకు గుర్తు లేదు. విగ్రహాల దగ్గర మైకు దొరికితే వదలని మన పెద్దలు, వాళ్ళ కార్లకి డ్రైవర్లుగా ఉన్న మన పిల్లల లైసెన్సుల గురించి ఒక్క ముక్క మాట్లాడరు.

"బండికీ కులానికీ లంకె పెడుతున్నావ్" అంటారు. నేను కాదు పెట్టింది. పార్లమెంటు పెట్టింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ తెరిచి చూడండి, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3(1)(జెడ్ఏ). బహిరంగ ప్రదేశంలో దళితుడు సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కకుండా అడ్డుకోవడం నేరమని అందులో ఉంది. చెప్పులు, కొత్తబట్టలు, పెళ్ళి ఊరేగింపు, వాటి పక్కనే మోటారు సైకిలు. ఏ దేశంలోనైనా మోటారు సైకిలు ఎక్కే హక్కుని ఇట్లా రాసుకోవాల్సి వచ్చిందా? చట్టంలోకి ఊరికే రాదు కదా ఆ మాట, ఎన్ని ఊళ్ళలో ఎంతమందిని దించి కొడితే వచ్చి ఉంటుంది? 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత విద్యార్థి చేతులు నరికారు, బుల్లెట్టు నడిపినందుకేనని ఆ కుటుంబం చెప్పింది. తమిళనాడు దాకా ఎందుకు, 2020 జులైలో మన చీరాలలో మాస్కు లేదని బండి ఆపిన పోలీసుల చేతుల్లో పడ్డ దళిత కుర్రాడు గుంటూరు ఆసుపత్రిలో చనిపోయాడు. కొట్టారని తల్లిదండ్రులన్నారు, జీపులోంచి దూకాడని పోలీసులన్నారు. ఎస్సైని సస్పెండు చేశారు. కారంచేడుకి ఆ ఊరు ఎంత దూరమో మ్యాపులో చూసుకోండి.

బాబాసాహెబ్ జీవితంలోనూ ఉంది ఇది. 1929లో ఆయన చాలీస్‌గావ్‌లో రైలు దిగారు. అంటరానివాణ్ణి ఎక్కించుకోమని టాంగావాళ్ళందరూ అన్నారు. చివరికి టాంగా ఇస్తాం గానీ మేం తోలం అన్నారు. అక్కడి మహర్లు, మన నాయకుడు నడిచి వెళ్ళడం ఏంటని, తోలడం రాని తమలో ఒకడిని కూర్చోబెట్టి తోలించారు. కల్వర్టు మీద చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుని, బాబాసాహెబ్ ఎగిరి రాళ్ళ మీద పడ్డారు, కాలు విరిగింది. అప్పటికే విదేశాల్లో చదివొచ్చిన బారిస్టరు ఆయన. ఆ కథని మనం అవమానం కథగానే చెప్పుకుంటాం. నాకు అందులో ఇంకోటి కనిపిస్తుంది. తోలడం నేర్చుకునే అవకాశం ఆ తోలినవాడికి ఎవరిచ్చారు? బండి, గుర్రం, దారి, మూడూ ఇంకొకళ్ళవి. పగ్గాలు మాత్రం ఆ ఒక్క రోజు చేతికొచ్చాయి. టెస్టు రోజు బాబాయి బండి ఎక్కిన మావాడికీ ఆయనకీ మధ్య దాదాపు 100 ఏళ్ళు. తేడా ఎంతో మీరే చెప్పండి.

ఇక పైసలున్నవాళ్ళకి దారి ఎట్లా సుఖంగా ఉందో చూడండి. 2021 జులై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవింగు శిక్షణా కేంద్రాల రూల్సు అమల్లోకొచ్చాయి. అట్లాంటి కేంద్రంలో కోర్సు చేసి పాసైతే ఆర్టీఏ ఆఫీసులో టెస్టు అక్కర్లేదు. టూవీలరు, కారు శిక్షణకి కేంద్రం పెట్టాలంటే ఎకరం భూమి ఉండాలి, పెద్ద బండ్లకైతే రెండెకరాలు. భూమి ఉన్నవాడు కేంద్రం పెడతాడు, ఫీజు కట్టగలిగినవాడు అక్కడ పాసవుతాడు. చెట్టు కింద తడిసేది మిగిలినవాళ్ళు. శిక్షణ మంచిదే, నేను వద్దనను. ఆ శిక్షణని ఎస్సీ కార్పొరేషన్ ద్వారా ఉచితంగా పల్లె పిల్లలకి ఇప్పించమనే అడుగుతున్నా.

మన ఊరి గుడి ముందు కొత్త బండ్లకి పూజలు చేయిస్తారు కదా, టైరు కింద నిమ్మకాయ పెట్టి ఎక్కిస్తారు. ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ ఆ వరసలో నిలబడ్డ బండ్లలో ఎన్నింటి ఓనర్లు ఎనిమిది తిప్పి లైసెన్సు తెచ్చుకున్నారని అడిగే మగాడు ఉన్నాడా? లైసెన్సు వాళ్ళింటికి పోస్టులో నడిచొస్తుంది. వీధిలో పదో తరగతి పిల్లాడు బుల్లెట్టు మీద తిరిగితే "మావాడు హుషారు" అంటారు. అదే వయసు మనవాడు అయ్య బండి తీస్తే స్టేషన్‌లో పెడతారు.

ఆడపిల్లల సంగతి వేరే రాయాలి, కొంచెం మాత్రం ఇక్కడ చెబుతా. నర్సింగు చదువుతున్న మన చెల్లెళ్ళకి రాత్రి డ్యూటీకి బండి తప్పనిసరి. నేర్చుకోవడానికి ఇంట్లో బండి ఉండదు, ఉంటే అన్నదో తమ్ముడిదో. టెస్టు గ్రౌండులో తడిబట్టలతో రెండు గంటలు నిలబడాలి, చుట్టూ ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్ళు, దగ్గర్లో బాత్రూము లేదు. తడిసిన చున్నీ చక్రంలో పడే ప్రమాదం ఎట్లాగూ ఉంది. దాంతో వాళ్ళు ఆ రోజుకి పోవడమే మానేస్తారు. ఆ మానేసినవాళ్ళు ఫెయిలు లెక్కలో కూడా కనపడరు.

స్లాటు వాన రోజే పడిందనుకోండి, మానకండి, కానీ కొన్ని గుర్తుపెట్టుకోండి. బండి ముందురోజే తెచ్చుకుని టైరు గాళ్ళు చూడండి, అరిగి నున్నగా ఉంటే ఇంకో బండి అడగండి. వాన మొదలైన మొదటి పావుగంట నేల బాగా జారుతుంది, ఆయిలు, దుమ్ము పైకి తేలుతాయి. మీ పేరు అప్పుడే పిలిస్తే ఐదు నిమిషాలు ఆగమని మర్యాదగా అడగండి, నలుగురూ కలిసి అడగండి. ఎనిమిదిలో మొదటి గేరు చాలు, క్లచ్చి సగం పట్టుకుని, వెనక బ్రేకు మీద కాలు ఆనించి మెల్లగా పోండి. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే పడతారు. చక్రం వైపు చూడొద్దు, తిరగబోయే చోటుని చూడండి. తెల్ల రంగు గీత మీద టైరు పెట్టొద్దు, తడిసిన రంగు సబ్బులా ఉంటుంది. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పడితే కొంచెం పైకెత్తుకోండి. బ్రోకరుకి ఇవ్వకండి. నీతి కోసం చెప్పడం లేదు. వాడికిచ్చిన డబ్బే రేపు మీ తమ్ముణ్ణి చెట్టు కింద నిలబెడుతుంది.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కాదు. కలెక్టరు వర్షం కారణంగా బళ్ళకి సెలవిచ్చిన రోజు టెస్టులు ఆపి, ఫీజు లేకుండా కొత్త స్లాటు ఇవ్వాలి. ఆ మధ్యలో ఎల్‌ఎల్‌ఆర్ గడువు దాటిపోతే అన్ని రోజులు పొడిగించాలి. అభ్యర్థులు నిలబడటానికి రేకుల షెడ్డు, ఆడవాళ్ళకి బాత్రూము. ప్రతి గ్రౌండులో ఇన్సూరెన్సున్న ఆఫీసు బండి ఒకటి, గేరుది ఒకటి, గేరు లేనిది ఒకటి. పేర్లు పిలిచే వరస బోర్డు మీద రాసి పెట్టాలి. మండల కేంద్రాల్లో కోతలు లేని నెలల్లో, వానలు తగ్గాక, క్యాంపులు పెట్టాలి. మే నెల ఉంది, జూన్ మొదటి రెండు వారాలున్నాయి.

ముందు లెక్కలు కావాలి. లెక్కలు లేకుండా పోతే "అట్లాంటిదేం లేదే" అంటారు. అందుకని ఈ వారం సమాచార హక్కు దరఖాస్తులు వేద్దాం. మన జిల్లాలో టూవీలరు టెస్టు పెట్టే ప్రతి ఆఫీసుకీ ఒకటి. గత రెండేళ్ళలో జూన్ నుంచి నవంబరు దాకా ఏ తేదీన ఎంతమంది వచ్చారు, ఎంతమంది రాలేదు, ఎంతమంది పాస్, ఎంతమంది ఫెయిల్. అదే లెక్క డిసెంబరు నుంచి మే దాకా. వాన వల్ల టెస్టు రద్దు చేసిన తేదీలు, ఆ రోజు ఫీజు ఏం చేశారు. డ్రైవింగు స్కూళ్ళ ద్వారా వచ్చినవాళ్ళు ఎంతమంది, సొంతంగా వచ్చినవాళ్ళు ఎంతమంది, రెండింట్లో పాసైంది ఎంతమంది. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు జిరాక్సు జతచేస్తే అది కూడా అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. వానల తేదీలు మనం పేపరు కటింగుల్లోంచి విడిగా తీసి పక్కన పెట్టుకుందాం, రెండూ కలిపి చూస్తే బొమ్మ కనిపిస్తుంది.

దరఖాస్తు నమూనా మొదటి కామెంటులో పెడుతున్నా. యూనివర్సిటీ హాస్టలు పిల్లలు ఆదివారం సాయంత్రానికి పదిహేను కాపీలు రాసుకుని రండి, సంతకాలు పెట్టి సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీతో పాటు ఇద్దాం. రసీదు తీసుకోకుండా ఎవరూ బయటికి రావద్దు. మావాడి రెండో టెస్టు కూడా అదే వారంలో ఉంది. బాబాయి ఈసారి బండి ఇవ్వలేనన్నాడు, ఎవరి దగ్గరన్నా పేపర్లు సరిగా ఉన్న గేరు బండి ఉంటే చెప్పండి.